స్లడ్జ్‌లో నికెల్ ఉంది, మీథేన్ జీవులకు మాత్రం అందడం లేదు: అవాయు డైజెస్టర్‌లో గంధకం, లోహాల లెక్క

గోదారిగట్టు

సభ్యులందరికీ నమస్కారం. నేను గోదావరి జిల్లాల్లోని ఒక మొలాసిస్ డిస్టిలరీలో వ్యర్థజలాల ప్లాంటు కెమిస్టుగా పనిచేస్తున్నాను. మా స్పెంట్ వాష్ (ఆల్కహాలు తీశాక మిగిలే వ్యర్థద్రవం) డైజెస్టర్‌లో, అంటే గాలి లేకుండా సూక్ష్మజీవులు ఆ వ్యర్థాన్ని మీథేన్ గ్యాస్‌గా మార్చే ట్యాంకులో, రెండు నెలలుగా గ్యాస్ తగ్గుతూ వస్తోంది. పీహెచ్ 7.4 దగ్గర నిలకడగానే ఉంది, ఉష్ణోగ్రత 36 డిగ్రీలు, లోడు పెంచలేదు. అయినా అస్థిర కొవ్వు ఆమ్లాలు (మీథేన్‌గా మారడానికి ముందు మధ్యలో ఏర్పడే చిన్న ఆమ్లాలు), వాటిలోనూ ముఖ్యంగా ఎసిటేటు, మెల్లగా పేరుకుంటున్నాయి. గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ 2.5 నుంచి 3 శాతం మధ్య ఊగుతోంది.

సూక్ష్మపోషక లోహాలు తగ్గాయేమోనన్న అనుమానంతో స్లడ్జ్‌ను, అంటే డైజెస్టర్‌లోని సూక్ష్మజీవులతో నిండిన బురదను, బయటి ల్యాబుకు పంపాము. కిలో ఎండు స్లడ్జ్‌కు నికెల్ 58 మిల్లీగ్రాములు, కోబాల్ట్ 11 మిల్లీగ్రాములు ఉన్నాయని రిపోర్టు వచ్చింది. దాన్ని చూసిన మా కన్సల్టెంటు లోహాలు కావలసినన్ని ఉన్నాయని, ఇక అటు చూడనక్కరలేదని తేల్చేశారు. కానీ అంతకుముందు ఒక సరఫరాదారు ఇచ్చిన నికెల్, కోబాల్ట్ ద్రావణం పోసినప్పుడు నాలుగైదు రోజుల పాటు గ్యాస్ స్పష్టంగా పెరిగి, మళ్ళీ పడిపోయింది. లోహం చాలినంత ఉంటే పోసినప్పుడు గ్యాస్ ఎందుకు పెరిగింది? చాలకపోతే రిపోర్టులో అంత ఎలా కనిపించింది? ఈ రెండింటినీ కలిపే సమాధానం నాకు దొరకడం లేదు.

పీహెచ్ ఏడు

గోదారిగట్టు గారూ, మీ రెండు పరిశీలనలూ నిజమే కావచ్చు, వాటి మధ్య వైరుధ్యమేమీ లేదు. ల్యాబువాళ్ళు స్లడ్జ్‌ను గాఢ ఆమ్లాల్లో ఉడికించి, అందులోని లోహాన్నంతటినీ కరిగించి కొలుస్తారు. దాన్ని మొత్తం లోహం అంటాము. సూక్ష్మజీవి గాఢ ఆమ్లంలో బతకదు కదా, దానికి పనికివచ్చేది ఆ క్షణాన నీటిలో కరిగి ఉన్న భాగం, లేదా కరిగినది ఖర్చయ్యేకొద్దీ వెంటనే కరిగి రాగల భాగం మాత్రమే. బీరువాలో బంగారం ఉన్నా బస్సు టికెట్టుకు చిల్లర లేని మనిషి స్థితి మీ స్లడ్జ్‌ది.

ఆ బీరువాకు తాళం వేసేది సల్ఫైడ్. మొలాసిస్‌లో చక్కెర మిల్లు నుంచి వచ్చిన గంధకం ఉంటుంది, డిస్టిలరీలో పీహెచ్ దించడానికి పోసే సల్ఫ్యూరిక్ ఆమ్లం దానికి తోడవుతుంది. డైజెస్టర్‌లోకి సల్ఫేటుగా చేరిన దాన్ని సల్ఫేటును క్షయించే బ్యాక్టీరియా సల్ఫైడ్‌గా మారుస్తుంది. ఆ సల్ఫైడ్ ఎదురైన లోహాన్నల్లా పట్టి అవక్షేపంగా కూర్చోబెడుతుంది. అన్ని లోహాలనూ ఒకే గట్టితనంతో పట్టదు. మాంగనీస్ సల్ఫైడ్ వీటిలో సులువుగా కరిగేది. ఇనుము సల్ఫైడ్ ద్రావణీయతా లబ్ధం (ఇది ఎంత చిన్నదైతే అంత తక్కువగా కరుగుతుంది) సుమారుగా 10 కి మైనస్ 18 ఘాతం అనుకుంటే, జింకుది మైనస్ 24 ప్రాంతంలోనూ, రాగిది మైనస్ 36 ప్రాంతంలోనూ ఉంటుంది, పాదరసం మైనస్ 50 ను కూడా దాటుతుంది. నికెల్, కోబాల్ట్ ఇనుముకూ రాగికీ మధ్యన పడతాయి, అయితే అవక్షేపం కొత్తదా పాతదా, స్ఫటికంగా గట్టిపడిందా లేదా అన్నదాన్ని బట్టి వాటి విలువలు చాలా మారుతాయి.

మీ నాలుగైదు రోజుల కథకు కారణం అక్కడే ఉందని నా అభిప్రాయం. మీరు పోసిన నికెల్ వెంటనే సల్ఫైడ్‌గా పడిపోయినా, కొత్తగా పడిన అవక్షేపం అతి సన్నని రేణువులతో, క్రమం లేని నిర్మాణంతో ఉంటుంది కనుక కొంతకాలం తిరిగి కరుగుతూనే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది ముదిరి, స్ఫటికంగా మారి, కరిగే వేగం తగ్గిపోతుంది. రిపోర్టులో అంకె తగ్గదు, అందేది మాత్రం తగ్గుతుంది.

ఒక్క ప్రశ్న: ల్యాబుకు నమూనాను ఎలా పంపారు?

సూక్ష్మలోకం

రసాయనం గురించి పీహెచ్ ఏడు గారు చెప్పినదానికి జీవశాస్త్రం వైపు నుంచి కొంత చేరుస్తాను. ఎసిటేటు పేరుకోవడం, నికెల్ పోస్తే గ్యాస్ పెరగడం అన్నవి ఒకదానికొకటి సంబంధం లేని సంగతులు కావు.

మీథేన్ ఏ దారిలో తయారైనా, చివరి మెట్టులో మిథైల్ కోఎంజైమ్ ఎం రిడక్టేజ్ అనే ఎంజైమ్ గుండా వెళ్ళాల్సిందే. దాని గుండెకాయ ఎఫ్430 అనే పసుపుపచ్చని సహకారకం, దాని మధ్యలో కూర్చున్నది ఒక నికెల్ అయాను. 430 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది కనుక ఆ పేరు వచ్చింది. అందులో నికెల్ ఉందని 1980 ప్రాంతంలో తేలింది. ఎసిటేటును విరగ్గొట్టే జీవులకు దీనికి మించిన అవసరం కూడా ఉంటుంది, ఎందుకంటే ఎసిటేటును రెండుగా చీల్చే ఎంజైమ్ సముదాయంలోనూ నికెల్, ఇనుము, గంధకం కలిసిన కేంద్రాలున్నాయి. అక్కడి నుంచి మిథైల్ సమూహాన్ని మోసుకుపోయే పని బి12 విటమిన్ కుటుంబానికి చెందిన కోబాల్ట్ సమ్మేళనానిది. కనుక లోహం కొరత వచ్చినప్పుడు ఎసిటేటు మిగిలిపోవడం సహజం.

ఒక హెచ్చరిక. గంధకాన్ని శత్రువుగా మాత్రమే చూడవద్దు. ఆ ఎంజైమ్ పేరులోని కోఎంజైమ్ ఎం స్వయంగా గంధక సమ్మేళనం. కణం లోపలి ఇనుము-గంధక గుచ్ఛాలకూ గంధకం కావాలి, చాలా మీథేన్ జీవులు దాన్ని సల్ఫైడ్ రూపంలోనే తీసుకుంటాయి. సల్ఫైడ్‌ను సున్నా చేస్తే లోహాలు విడుదలవుతాయేమో గానీ జీవి ఆకలితో మాడుతుంది.

మూసీవాసి

నేను హైదరాబాద్‌లో మూసీ పక్కన మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో కొన్నేళ్ళు పనిచేశాను. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు, నాగోలులో 172 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో యూఏఎస్‌బీ పద్ధతి, అంటే నీరు అడుగు నుంచి స్లడ్జ్ పొర గుండా పైకి ప్రవహించే అవాయు రియాక్టర్ల పద్ధతి, పెట్టారు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో లెట్టింగా బృందం 1970ల్లో రూపొందించిన పద్ధతి ఇది. ఇళ్ళ మురుగునీటిలో లోహాల కొరత అన్న మాట మేము వినలేదు, మా తలనొప్పి అంతా బయటికి వెళ్ళే నీటిలో కరిగిన సల్ఫైడ్‌తోనే. ఒక మిల్లీగ్రాము సల్ఫైడ్ గంధకం పూర్తిగా సల్ఫేటుగా మారడానికి రెండు మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. అదంతా సీఓడీ పరీక్షలో, అంటే నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చూసే పరీక్షలో, కలిసి కనిపిస్తుంది కనుక, సేంద్రియ పదార్థం బాగా తగ్గినా రియాక్టర్ పనిచేయడం లేదని నింద పడేది.

ఇప్పుడు నా సందేహం. 3 శాతం హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నచోట సల్ఫైడ్ విషప్రభావమే గ్యాస్ తగ్గడానికి సరిపోదా? లోహాల దాకా ఎందుకు వెళ్ళడం?

పీహెచ్ ఏడు

అడగవలసిన ప్రశ్నే. లెక్క వేసి చూద్దాం. అంకెలు డిస్టిలరీలకు మామూలుగా ఉండే పరిధి నుంచి తీసుకుంటున్నాను, గోదారిగట్టు గారు తమ అంకెలతో సరిచూసుకోవచ్చు.

లీటరు స్పెంట్ వాష్‌లో సీఓడీ 1,00,000 మిల్లీగ్రాములు, సల్ఫేటు 5,000 మిల్లీగ్రాములు అనుకుందాం. సల్ఫేటులో మూడో వంతు గంధకం కనుక గంధకం సుమారు 1,670 మిల్లీగ్రాములు, అంటే 52 మిల్లీమోల్‌లు. సీఓడీలో 65 శాతం తొలగితే, గ్రాముకు 0.35 లీటర్ల చొప్పున సుమారు 23 లీటర్ల మీథేన్ వస్తుంది. మీథేన్ 60 శాతం అనుకుంటే మొత్తం గ్యాస్ 38 లీటర్లు. గంధకమంతా గ్యాస్‌లోకే పోతే 1.17 లీటర్లు, అంటే 3 శాతం. కొంత ద్రవంలో మిగులుతుంది కనుక రెండున్నర శాతం దగ్గర తేలుతుంది. మీరు చెప్పిన కొలతకు ఇది దగ్గరగానే ఉంది.

ఇక ద్రవం వైపు. గ్యాస్‌లో 3 శాతం ఉన్నప్పుడు, ఆ ఉష్ణోగ్రతలో సమతాస్థితికి వచ్చిన నీటిలో విడిపోని (అయాన్లుగా చీలకుండా అణువుగానే ఉన్న) హైడ్రోజన్ సల్ఫైడ్ లీటరుకు 75 నుంచి 80 మిల్లీగ్రాముల గంధకానికి సమానంగా ఉంటుంది. పీహెచ్ 7.4 దగ్గర దానికి మూడు రెట్లు బైసల్ఫైడ్ అయాను రూపంలో ఉంటుంది. రెండూ కలిపితే 300 దాటుతుంది. జీవి గోడను దాటి లోపలికి పోయి హాని చేసేది ముఖ్యంగా విడిపోని రూపం. గుళికల స్లడ్జ్‌లో పీహెచ్ 6.4 నుంచి 7.2 మధ్య ఎసిటేటు వినియోగం సగానికి పడిపోవడానికి విడిపోని రూపం సుమారు 250 మిల్లీగ్రాములు కావలసి వచ్చిందని, పీహెచ్ 8 దగ్గర మాత్రం 90 మిల్లీగ్రాములే సరిపోయిందని ప్రయోగాల్లో కనిపించింది. మీ పీహెచ్ ఆ రెండింటి మధ్యన ఉంది. కనుక విషప్రభావం కొంత ఉండవచ్చు, దాన్ని కొట్టిపారేయను. కానీ విషమే అసలు కారణమైతే నికెల్ పోసినప్పుడు గ్యాస్ అలా పెరగకూడదు. డైజెస్టర్‌లోని సల్ఫైడ్‌తో పోలిస్తే పోసిన నికెల్ ఎంతో కొంచెం, ఆ సల్ఫైడ్‌ను అది గమనించదగినంతగా తగ్గించలేదు.

గోదారిగట్టు

చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. నమూనాను మామూలు ప్లాస్టిక్ డబ్బాలో సగం నింపి, పార్సిల్‌లో పంపాము. ల్యాబులో తెరిచేసరికి వారం దాటింది. మేము పంపినప్పుడు కాటుకలా నల్లగా ఉన్నది, వాళ్ళు తీసిన ఫొటోలో పైపొర అంతా ఇటుక రంగులోకి తిరిగి ఉంది.

పీహెచ్ ఏడు

ఆ నలుపు ఇనుము సల్ఫైడ్‌దే. గాలి తగిలితే అది ఆక్సీకరణం చెంది, ఇనుము తుప్పు రంగు ఆక్సీహైడ్రాక్సైడ్‌గానూ, గంధకం మొదట మూలక గంధకంగానూ ఆపై సల్ఫేటుగానూ మారుతుంది. మొత్తం లోహం కొలతకు దీనివల్ల నష్టం లేదు, ఎందుకంటే లోహం ఎక్కడికీ పోదు. అయితే లోహం ఏ రూపంలో ఉందో తెలుసుకోవడానికి ఆ నమూనా ఇక పనికిరాదు.

ఈ రూపాలను విడదీయడానికి ఒకదాని తరువాత ఒకటిగా బలం పెరిగే ద్రావకాలతో కడిగే పద్ధతి ఉంది. టెస్సియర్, అతని సహచరులు 1979లో నది అడుగు మట్టికోసం ప్రతిపాదించినదాన్నే మార్చుకుని స్లడ్జ్‌కూ వాడుతున్నారు. అయాన్ల మార్పిడితో సులువుగా వదిలే భాగం, కార్బొనేటుతో కలిసిన భాగం, ఆక్సైడ్లతో కలిసిన భాగం, సేంద్రియ పదార్థంతోనూ సల్ఫైడ్‌తోనూ కలిసిన భాగం, చివరికి మిగిలిపోయేది అని పేర్లు పెట్టారు. ఆ పేర్లను అక్షరాలా నమ్మవద్దు. ఏ భాగంలో ఏది కరిగిందో చెప్పేది మనం వాడిన ద్రావకం మాత్రమే. గాలి తగిలిన స్లడ్జ్‌లో సల్ఫైడ్‌గా ఉన్న నికెల్ ఆక్సైడ్ భాగంలోనో కార్బొనేటు భాగంలోనో ప్రత్యక్షమవుతుంది, అప్పుడు అది నిజంగా ఉన్నదానికన్నా సులభంగా అందేదిగా కనిపించి మోసం చేస్తుంది.

సీసాను అంచు దాకా నింపి, బుడగ లేకుండా మూసి, ఐసులో పెట్టి, వీలైతే ఆ రోజే నైట్రోజన్ కింద తెరవాలి. ముందుగా మీరే ప్లాంటులో స్లడ్జ్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీటిని గాలి తగలకుండా 0.45 మైక్రాన్ ఫిల్టరుతో వడపోసి, వడపోసిన నీటిలో నికెల్, కోబాల్ట్ చూపించండి. ఆ ఫిల్టరు గుండా సన్నని సల్ఫైడ్ రేణువులు కూడా దాటిపోగలవు కనుక అది పూర్తిగా కరిగిన లోహం కాదని గుర్తుంచుకుంటూనే, మొత్తం లోహం కన్నా అది మీకు వెయ్యి రెట్లు ఉపయోగపడుతుంది.

పాతకాపు

ఆలస్యంగా చేరుతున్నాను. ఇనుము మాట ఎవరూ ఎత్తలేదేమిటని చూస్తున్నాను. ఫెర్రిక్ క్లోరైడ్ పోస్తే ఇనుము సల్ఫైడ్‌ను పట్టుకుంటుంది, విడి సల్ఫైడ్ తగ్గినకొద్దీ నికెల్, కోబాల్ట్ మరికొంత కరుగుతాయి. ఇది మంచి మార్గమే గానీ, స్పెంట్ వాష్‌లో గంధకమంతటినీ ఇనుముతో పట్టాలనుకోవడం దుబారా. గ్రాము గంధకానికి ఫెర్రస్ రూపంలో 1.75 గ్రాముల ఇనుము కావాలి. పీహెచ్ ఏడు గారి లెక్క ప్రకారం లీటరుకు 1.67 గ్రాముల గంధకం ఉంటే, రోజుకు 500 ఘనమీటర్ల స్పెంట్ వాష్‌కు సుమారు ఒకటిన్నర టన్నుల ఇనుము పోయాలి. ఫెర్రిక్ రూపంలో రెండు ఇనుములు మూడు సల్ఫైడ్‌లను పట్టి, ఒకదాన్ని మూలక గంధకంగా మారుస్తాయి కనుక కొంత తక్కువ పడుతుంది, కానీ అది క్షారతను, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే శక్తిని, తినేస్తుంది. గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను స్క్రబ్బరుతో, అంటే గ్యాస్‌ను కడిగే పరికరంతో, బయటే పట్టుకోవడం చవక.

ఇంకొక మాట. అన్ని లోహాలూ సల్ఫైడ్‌గా పడతాయన్న అభిప్రాయం ఈ చర్చ చదివేవారికి కలగకూడదు. కాన్పూరు జాజ్‌మవులో తోళ్ళ శుద్ధి కర్మాగారాల నీటిని ఊరి మురుగుతో కలిపి శుద్ధి చేయడానికి, ఇండో-డచ్ సహకారంతో రోజుకు 36 మిలియన్ లీటర్ల యూఏఎస్‌బీ కట్టారు. అక్కడి స్లడ్జ్‌లో సమస్య క్రోమియం. మూడు వేలెన్సీ క్రోమియం నీటిలో సల్ఫైడ్‌గా పడదు, హైడ్రాక్సైడ్‌గా పడుతుంది. ఆరు వేలెన్సీ క్రోమియం ఏదైనా వస్తే దాన్ని సల్ఫైడ్, ఫెర్రస్ ఇనుము కలిసి మూడుకు దించేస్తాయి. సల్ఫైడ్ ఎంతుందో కొలిచి క్రోమియం భద్రంగా ఉందని చెప్పేవాళ్ళను నేను చూశాను, ఆ రెంటికీ అలాంటి సంబంధం లేదు.

సూక్ష్మలోకం

పాతకాపు గారితో ఒక చోట విభేదిస్తాను. ఇనుము పోస్తే నికెల్ కరుగుతుందన్నది సగం నిజమే. కొత్తగా పడే ఇనుము సల్ఫైడ్‌కు ఉపరితలం చాలా ఎక్కువ. నికెల్, కోబాల్ట్ దానిమీద అంటుకుంటాయి, కొంత లోపలికి కూడా చేరి దానితోపాటే పడిపోతాయి. పెద్ద మోతాదులో ఒక్కసారిగా ఇనుము పోస్తే విడి సల్ఫైడ్ తగ్గినా, ఉన్న కాస్త నికెల్‌నూ ఆ నల్లటి అవక్షేపమే ఊడ్చుకుపోయే ప్రమాదం ఉంది.

పాతకాపు

అంగీకరిస్తాను. నేను చెప్పింది సమతాస్థితి లెక్క, మీరు చెప్పింది ఉపరితలం మీద నిజంగా జరిగేది. అందుకే ఇనుము, నికెల్ ఒకే ట్యాంకులో కలిపి పోయవద్దని మా రోజుల్లో మేము పెట్టుకున్న నియమానికి కారణం ఇప్పుడు దొరికినట్టయింది. అప్పట్లో కారణం తెలియకుండానే పాటించాము.

మూసీవాసి

మరి చెలేటు రూపంలో, అంటే ఈడీటీఏ లాంటి, లోహాన్ని చుట్టి పట్టుకునే రసాయనాలతో పట్టించి పోస్తే సల్ఫైడ్ బారిన పడకుండా ఉంటుందా?

పీహెచ్ ఏడు

ఉంటుంది, కానీ పట్టు మరీ గట్టిదైతే జీవికి కూడా వదలదు. పైగా ఈడీటీఏ అవాయు స్థితిలో సులభంగా విచ్ఛిన్నం కాదు కనుక బయటికి వెళ్ళే నీటితో పాటు ప్రయాణించి, దారిలో ఇతర లోహాలనూ కరిగించుకుపోతుంది. స్పెంట్ వాష్‌లో సహజంగానే లోహాలను పట్టే సేంద్రియ పదార్థాలు, ఈస్ట్ అవశేషాలు ఉంటాయి, వాటి పట్టు మధ్యస్థం. నా సలహా చెలేటు కన్నా మోతాదు విభజనే. నెలకు ఒకసారి డబ్బా కుమ్మరించే బదులు, అదే పరిమాణాన్ని ఫీడుతో పాటు రోజూ బొట్టుబొట్టుగా పోస్తే, ఎప్పుడు చూసినా కొంత తాజా అవక్షేపం స్లడ్జ్‌లో ఉంటుంది.

రేగడి

నేను వ్యవసాయం వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఈ స్లడ్జ్‌ను ఎండబెట్టి పొలాలకు వేస్తున్నవారున్నారు. పైన చెప్పిన ఇటుక రంగు మార్పు పొలంలోనూ జరుగుతుందా?

పీహెచ్ ఏడు

తప్పకుండా జరుగుతుంది, ఎండబెట్టే మడిలోనే మొదలవుతుంది. సల్ఫైడ్ ఆక్సీకరణం చెందినప్పుడు ఆమ్లం పుడుతుంది, సల్ఫైడ్‌తో కట్టివేయబడిన జింకు, నికెల్, కాడ్మియం కొంత విడుదలవుతాయి. సున్నం ఎక్కువగా ఉండే మీ నల్లరేగడి నేలల్లో ఆ ఆమ్లం సర్దుకుపోతుంది, తేలికపాటి ఎర్రనేలల్లో అంత సులువు కాదు. స్లడ్జ్‌కు విడిగా కాకపోయినా, కంపోస్టుకు మన దేశంలో ఉన్న పరిమితులను, కిలోకు నికెల్ 50, జింకు 1,000, కాడ్మియం 5 మిల్లీగ్రాములు, కొలమానంగా పెట్టుకుంటే గోదారిగట్టు గారి స్లడ్జ్ నికెల్ విషయంలో వాటిని దాటుతోంది. ఇక్కడ మొత్తం లోహమే లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే పొలంలో గాలి ఏళ్ళ తరబడి పనిచేస్తుంది.

మూసీవాసి

గోదారిగట్టు గారు సొంతంగా పరీక్షలు మొదలుపెట్టేలా ఉన్నారు కనుక ఒక మాట. స్లడ్జ్‌లోని సల్ఫైడ్‌ను కొలవడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా బయటికి వస్తుంది. పది లక్షల భాగాల్లో 100 భాగాలు దాటితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, వాసన పోయింది కదా అని ధైర్యపడితే అదే చివరి ధైర్యం. మీ గ్యాస్‌లోని 3 శాతం అంటే 30,000 భాగాలు. ఫ్యూమ్ హుడ్, చొక్కాకు తగిలించుకునే గ్యాస్ అలారం లేకుండా ఆ సీసా తెరవవద్దు.

గోదారిగట్టు

ఆరు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను. ఆమ్లంతో చేసే పరీక్షను మేము చేయలేదు, దగ్గరలోని ఒక కళాశాల ల్యాబులో హుడ్ కింద చేయించాము. నిండుగా మూసిన సీసాల్లో ఐసులో పంపిన నమూనాలో, ఆమ్లానికి విడుదలయ్యే సల్ఫైడ్ మోల్ లెక్కన ఇనుము మినహా మిగిలిన లోహాలన్నిటి మొత్తానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. చల్లని ఆమ్లంలో నికెల్, రాగి సల్ఫైడ్‌లు పూర్తిగా కరగవని అక్కడి అధ్యాపకురాలు ముందే హెచ్చరించారు కనుక ఆ లోహాల అంకెను తక్కువగా వచ్చినదిగానే చూస్తున్నాము. వడపోసిన నీటిలో కోబాల్ట్ వారి పరికరం పట్టగలిగే హద్దుకు కిందనే ఉంది, నికెల్ ఆ హద్దుకు కాస్త పైన ఉంది.

నెలకోసారి డబ్బా పోయడం మానేసి, అదే పరిమాణాన్ని రోజువారీ ఫీడు లైనులోకి చిన్న డోసింగ్ పంపుతో మార్చాము, ఇనుము జోలికి వెళ్ళలేదు. మూడో వారం నుంచి ఎసిటేటు తగ్గడం మొదలైంది, గ్యాస్ పోయినదానిలో సగానికి పైగా తిరిగి వచ్చింది. అయితే అదే సమయంలో మొలాసిస్ వేరే మిల్లు నుంచి రావడం మొదలైంది, దాని సల్ఫేటు పాతదానికన్నా తక్కువ. మెరుగుదలలో పంపు వాటా ఎంత, మొలాసిస్ వాటా ఎంత అన్నది విడదీయలేకపోతున్నాను. పాత మిల్లు సరుకు వచ్చే నెల మళ్ళీ వస్తుంది. అప్పుడు పంపును ఆపకుండా నడిపి ఎసిటేటు అంకెలు ఇక్కడే పెడతాను.

పాతకాపు

పెట్టండి. దాంతోపాటు ఫీడు సల్ఫేటును కూడా రోజూ రాయండి, అది లేకపోతే మళ్ళీ ఇదే ప్రశ్న దగ్గరికి వస్తాము.